రాకాసి గాజులతో కడప దాకా

మా వైపు డెబ్బై దాటిన మనిషి చంకకు సంచి తగిలించుకుని బస్సెక్కితే, కండక్టరు అడక్కుండానే మంత్రాలయానికో శ్రీశైలానికో టికెట్టు కొట్టబోతాడు. నేను పోయింది కడపకు. దేవుడి పని మీద కాదు. సంచిలో ఒక పాత రేకుడబ్బా, డబ్బాలో దూది మధ్య ముప్పై ఒక్క శంఖు గాజు ముక్కలు ఉన్నాయి. వాటిని చదవగలిగే మనిషి కడపలో ఉందని తెలిసి పోయాను.

మా ఊరు కర్నూలుకు పడమర, తుంగభద్ర వైపు. పేరు రాయను. రాస్తే రేపే తట్టా పారా పట్టుకుని ఎవడో ఒకడు దిగుతాడు. ఊరికి తూర్పున ఒక దిబ్బ ఉంది. దాన్ని పాటి అంటాం. పూర్వం అక్కడ పట్నం ఉండేదట. మూర పొడుగు ఇటుకలు, బూడిద పొరలు, కుండపెంకులు ఇప్పటికీ తేలుతుంటాయి. వందల ఏళ్ళ బూడిదా పేడా కలిసిన మన్ను కాబట్టి మహా సత్తువ. ఎండాకాలం వస్తే ఊరంతా బండ్లు కట్టుకుని పాటిమన్ను తవ్వి చేలకు తోలేది. ఐదో తరగతితో బడి నన్ను వదిలేశాక నేనూ తోలాను. మా జొన్నలు ఒక పట్నాన్ని తిని పెరిగాయి.

ఆ మన్నులో తెల్లగా, వంకరగా, వేలెడంత ముక్కలు దొరికేవి. ఊళ్ళో వాళ్ళు వాటిని రాకాసి గాజులనేవారు. నేను అరవై ఏళ్ళకు పైగా ఏరుతూనే ఉన్నాను. దొరికిన పాత పత్రికలూ, అడిగి తెచ్చుకున్న పుస్తకాలూ చదివి, అవి శంఖాన్ని అడ్డంగా కోసి చేసిన గాజులని తెలుసుకున్నాను. సముద్రం ముఖం ఎరగని ఊరికి శంఖం ఎట్లా వచ్చిందన్నది నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న.

ఇక అసలు సంగతి. పాటిలో సగం ఇప్పటికే రోడ్లకింద పోయింది. మిగిలిన సగాన్ని చదును చేసి, పంట ఆరబోసుకునే కల్లం చేయాలని పంచాయతీ తీర్మానించింది. వచ్చే సోమవారం యంత్రం దిగుతుందన్నారు. నేను అర్జీలు పెట్టాను. "గాజులు తొడుక్కునే ఆడవాళ్ళు అన్ని ఊళ్ళలోనూ ఉంటారు" అని ఒక అధికారి నవ్వాడు. కడపలో పాత శంఖు వస్తువుల మీద పరిశోధన చేసే సునంద అనే అమ్మాయి నంబరు ఒక పంతులు ద్వారా దొరికితే, ఫోన్ చేశాను. ఆమె ఒక్క మాట చెప్పింది. గాజులు తొడుక్కున్న చోటు వేరు, చేసిన చోటు వేరు. అక్కడ గాజులు చేసేవారని ఒక్క గుర్తు చూపిస్తే తాను వచ్చి, దిబ్బ చూసి, పనికి అడ్డంగా కాగితం రాస్తుంది.

బుధవారం పొద్దున బయల్దేరాను.

కర్నూలు: ఎముక అన్న చీటీ

బస్టాండు పక్కన ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. ప్లేటు నలభై. ఉగ్గాని బాగుంది, బజ్జిలో మిరపకాయ కంటే పిండి ఎక్కువ. కాఫీ తాగి ఒక కాలేజీ వాళ్ళు పెట్టిన పాత వస్తువుల గదికి పోయాను. ఆ గదితో నాకు పాత పేచీ ఉంది. అద్దాల పెట్టెలో మా పాటి ముక్కల్లాంటివే ఐదు ఉన్నాయి. వాటి ముందు చీటీ: "ఎముకతో చేసిన గాజులు".

కావలి మనిషి కుర్చీలో సెల్లు చూసుకుంటున్నాడు.

"ఇది ఎముక కాదప్పా, శంఖం" అన్నాను.

"చీటీలో ఎముకని రాసుండాది గదా పెద్దాయనా."

"రాసినోడు తప్పు రాసినాడు."

"రాసినాయప్ప శానా సదువు సదివినాడు. నువ్వేం సదివినావు?"

"ఐదు."

"ఐదంటే? ఎమ్మే అయినాక ఐదేండ్లా?"

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆ ఐదు."

అతను పడీపడీ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. జేబులోంచి నిమ్మకాయ తీశాను. శంఖం మీద పులుపు పడితే సన్నగా నురగ లేస్తుంది, ఎముక మీద లేవదు. ఇది నేను ఇంట్లో చాలాసార్లు చూసిన పరీక్ష. "ఆ అద్దం తియ్యి. ఒక్క చుక్క పిండి చూపిస్తా."

నిమ్మకాయ చూడగానే అతని నవ్వు పోయింది. కుర్చీ వెనక్కి జరిగింది. "ఓ సామీ, దిష్టి తీసేటివి ఈడ పనికిరావు. బయటికి నడువు ముందు."

చేతబడి చేసేవాడి కింద జమకట్టి వెళ్ళగొట్టాడు. పోయేముందు గుమ్మం దగ్గర సందర్శకులు రాసే పుస్తకంలో రాశాను: "ఇవి ఎముకలు కావు, శంఖాలు. మీరు చీటీ మార్చేదాకా వచ్చి ఇదే రాస్తాను." కింద సంతకం, ఊరు.

పాతబస్తీ: పెరిగిన గాజులు

సాయంకాలం కర్నూలు పాతబస్తీలో ఖాదర్‌బీ గాజుల అంగడికి పోయాను. ఆమె అత్త మా ఊరికి నెత్తిన గాజుల మలారం పెట్టుకుని వచ్చేది. తాళ్ళకు గుదిగుచ్చిన గాజుల దండలు గలగలమంటుంటే వీధిలో ఆడపిల్లలంతా వెంటపడేవారు. ఇప్పుడు మలారం లేదు, గాజులన్నీ అట్టపెట్టెల్లో ఉన్నాయి.

డబ్బా తెరిచి, "పాతకాలం పగిలిన గాజులు తెచ్చినా, చూడమ్మా" అన్నాను.

ఖాదర్‌బీ నా చేతి మీద ఒకటి వేసింది. "అరె, ఏం మాట అన్నా అది! గాజు పగిలిందంటారా ఎవరన్నా? పెరిగిందనాల. ఇంత వయసొచ్చె, ఇది గూడ నేనే చెప్పాల్నా?"

నిజమే. మా అమ్మ కూడా అట్లాగే అనేది. తప్పు ఒప్పుకున్నాను.

ఆమె ఒక ముక్క తీసుకుని, అంగడిలోని గాజుల లోపలి వంపుకు ఆనించి చూడటం మొదలుపెట్టింది. పెద్ద సైజులో పెడితే ముక్కకూ గాజుకూ మధ్య సందు కనిపించింది. తీసేసి దానికన్నా చిన్నది, దానికన్నా చిన్నది. చివరికి ఒకదాంట్లో ముక్క అతికినట్టు కూర్చుంది.

"రెండూ-రెండు సైజు కన్నా చిన్నది. ఇది పిల్లదన్నా. ఆరేండ్లో ఏడేండ్లో."

పదిహేను ముక్కలు అట్లా పెట్టి చూసింది. పదకొండు పిల్లలవే. ఒక పట్నం ఆడపిల్లల చేతులు ఆ అంగడి గల్లాపెట్టె మీద వరసగా పరిచినట్టయింది. నేను అరవై ఏళ్ళుగా దాచుకున్నానే గాని, అవి ఎవరి చేతులన్న ఆలోచన నాకు ఒక్కనాడూ రాలేదు.

"ఇంత పెద్ద చదువు చదివినోళ్ళకు చూపిస్తానంటివి, వాళ్ళు ఇట్ల చూస్తారా?" అంది ఖాదర్‌బీ.

"చూడకపోతే నీ పేరు చెప్తాలే" అన్నాను.

ఆళ్ళగడ్డ: ఉలి మాట

మర్నాడు నంద్యాల మీదుగా కడప బస్సు. ఆడవాళ్ళకు టికెట్టు లేకపోవడంతో బస్సంతా వాళ్ళే. నేను కమ్మీ పట్టుకుని, డబ్బాను గుండెకు ఆనించుకుని నిలబడ్డాను. ఒక పెద్దమ్మ జాలిపడి నాకు మూడు వేళ్ళంత చోటిచ్చింది. "ఏముండాది నాయనా డబ్బాలో, అంత బద్రంగా పట్టుకున్యావు? బంగారమా?" అంది. రాకాసి గాజులన్నాను. ఆ మూడు వేళ్ళ చోటు కాస్తా ఆరు వేళ్ళయింది. ఆమె పక్కకు జరిగిపోయింది.

ఆళ్ళగడ్డలో దిగాను. కారణం ఉంది. నా ముక్కల్లో తొమ్మిదింటికి ఒక పక్క చదునుగా, నున్నగా ఉంటుంది. అది రంపం కోత అని, సగం పని జరిగి వదిలేసిన గాజులని, అంటే మా ఊళ్ళోనే చేశారని నా నమ్మకం. సునందకు చూపించేముందు పనిముట్టు పట్టే మనిషి నోట ఆ మాట వినాలనుకున్నాను. ఆళ్ళగడ్డలో రోడ్డు పొడుగునా విగ్రహాలు చెక్కే కొట్టాలున్నాయి. దుమ్ములో తెల్లబడిన మనుషులు, ముక్కూ చెవీ ఇంకా రాని దేవుళ్ళు. ఒక కొట్టంలో బ్రహ్మయ్య అనే నడివయసు మనిషి నంది మూపురం దిద్దుతున్నాడు.

ముక్క చేతికిస్తే కంటికి ఆనించుకోలేదు. బొటనవేలి గోరుతో అంచు మీద మెల్లగా గీశాడు.

"ఇది కోసింది గాదు తాతా. రుద్దినారు."

"సరిగ్గా చూడప్పా."

"సూసినా. రంపం ఆడితే గీతలు పక్కపక్కనే నిలబడతాయి, గోరుకు తగుల్తాయి. ఇది సానరాయి మీద అరగదీసినట్టుండాది."

"నువ్వు రాయి చెక్కేవాడివి. శంఖం సంగతి నీకేం తెలుసు?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

బ్రహ్మయ్య కోపగించుకోలేదు. "ఎవరు రుద్దినా, ఏం రుద్దినా రుద్దుడు రుద్దుడే గదా" అని ముక్క తిరిగి ఇచ్చాడు. ఉలి తీసుకోబోతూ, నేలంతా పరుచుకున్న రాతి పెచ్చులు కాలితో పక్కకు తోసి నాకు కూర్చోవడానికి చోటు చేశాడు. "మీ ఊళ్ళో చేసినారో లేదో బొమ్మను చూస్తే యాడ తెలుస్తాది? బొమ్మ అమ్ముడుబోయి ఏ ఊరికో పోతాది. ఈ పెచ్చులు యాడికీ పోవు. మేము సచ్చినా ఈణ్ణే ఉంటాయి."

ఆ మాట అప్పుడు నా చెవిలో పడింది గాని తలలోకి దిగలేదు. నేను ఇంకా రుద్దుడు దగ్గరే ఆగిపోయి ఉన్నాను. అరగదీస్తే మాత్రం ఏం, గాజును నునుపు చేయడానికే అరగదీసి ఉంటారు, అదీ చేసేవాళ్ళ పనే అని బస్సులో నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

కడప: మొదటి పూట

రాత్రి భోజనం రాగిసంగటి, ఊరిమిండి పచ్చడి. మా వైపు జొన్నరొట్టె. రొట్టెను విరిచి నమలాలి, సంగటిని ముద్ద చేసి మింగాలి. నేను నమలబోయాను. వడ్డించే మనిషి చూసి, "ఏమప్పా, సంగటిని నములుతాండావు, పండ్లు ఎక్కువైనాయా?" అన్నాడు. నాకు మిగిలిన పళ్ళు తొమ్మిదని చెప్పాను.

శుక్రవారం పొద్దున సునంద పనిచేసే గదికి పోయాను. ముప్పై ఐదేళ్ళుంటాయి. మంగంపేట వైపు పిల్ల. వాళ్ళ నాన్న ముగ్గురాయి గనిలో రాయి ఎత్తేవాడట. "చేత్తో బరువు చూసి ఏ రాయి మంచిదో చెప్పేవాడు. నాకు ఆ పిచ్చి ఆయప్ప నుంచే వచ్చినాది" అంది. చదువుకున్నవాళ్ళ ముందు నాకు ముందే ముళ్ళు లేచి ఉంటాయి. ఆ మాటతో సగం ముళ్ళు పడుకున్నాయి.

నల్లగుడ్డ మీద ముక్కలు పరిచింది. ఒక్కొక్కటీ భూతద్దం కింద పెడితే పక్కనున్న తెర మీద పెద్దగా కనిపించింది. శంఖం లోపల అన్ని పొరలుంటాయని నాకు తెలియదు. దున్ని వదిలిన చేనులా ఉంది. ఎముకకైతే సన్న రంధ్రాలుంటాయట. కర్నూలు చీటీ సంగతి చెప్పాను. "శంఖమే, అనుమానం లేదు" అంది. అక్కడికి ఒక గెలుపు.

తర్వాత మూడు ముక్కల దగ్గర ఆగిపోయింది. "వీటికేమైంది? పైపొర తినేసినట్టుండాది."

"పరీక్ష చేసినా. నిమ్మకాయతో."

"ఎన్నిసార్లు?"

"వచ్చినోళ్ళకల్లా చూపించేవాణ్ణి."

ఆమె రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "పెద్దాయనా! పనివాడి గీతలన్నీ నురగైపోయినాయి గదా! ఇంకెప్పుడూ పిండొద్దు, మీకు దండం పెడతా."

జేబులోని నిమ్మకాయ తీసి బల్ల మీద పెట్టేశాను. అంతకన్నా ఏం చేయగలను!

గాజు వెడల్పు చూడ్డానికి ఆమె కాగితం మీద ఒకదాని లోపల ఒకటి గీసిన సున్నాలు తీసింది. ఖాదర్‌బీ చూసిన పదిహేనే ముందు ఇచ్చాను, ఒక్కొక్క ముక్క వంపును సున్నాలకు ఆనించి చూసింది. పదకొండు పిల్లలవని చెప్పింది. ఖాదర్‌బీ లెక్కే! నేను ఆమె పేరు చెప్పాను. సునంద నవ్వుతూ రాసుకుంది.

అప్పుడు వచ్చాయి ఆ తొమ్మిది. వాటిని తిప్పి తిప్పి చూసింది, లేచి నిలబడి చూసింది. "ఇవి కోసినవి కావు, అరగదీసినవి" అంది. బ్రహ్మయ్య గెలిచాడనుకున్నాను. కాని ఆమె ముఖం వెలిగిపోతోంది.

"వాలు చూడండి. కుడిచేత్తో పట్టుకుని రుద్దితే అరుగు ఇటువైపు వాలుతుంది. ఈ తొమ్మిదింటిలో ఏడింటికి అటు వాలింది. ఒకే మనిషి రుద్దినట్టుండాది. పుర్రచేతి మనిషి! పని సగంలో వదిలేసినాడు. అంటే మీ ఊళ్ళోనే కూర్చుని చేసినాడు. ఇంతకన్నా ఏం కావాల? సాయంత్రానికి కాగితం రాసిస్తాను. మీరు భోంచేసి రాండి."

ఆ పుర్రచెయ్యి ఎవరిదో నాకు తెలుసు.

కారం దోశ

మా అమ్మ తిమ్మక్కది పుర్రచేతి వాటం. ఎడమచేత్తో వడ్డిస్తే అత్తగారు కసిరేది, ఎడమచేత్తో ముగ్గేస్తే పక్కింటివాళ్ళు నవ్వేవారు. ఒక్క పనికి మాత్రం ఆ చెయ్యే కావాలనేవారు. పసిబిడ్డ ఊరికే ఏడుస్తుంటే, పాలు కక్కుతుంటే, రాకాసి దోషమనేవారు మా ఊళ్ళో. రాకాసి గాజు ముక్కను సానరాయి మీద చనుబాలతో అరగదీసి బిడ్డ నాలుకకు రాసేవారు. రాకాసి పనికి పుర్రచెయ్యే సరి అని, వీధిలో బిడ్డతల్లులంతా మా గడపకే వచ్చేవారు. అమ్మ కాళ్ళు చాపుకుని, సానరాయి ఒడి దగ్గరకు లాక్కుని రుద్దేది. ముక్కలు నేను ఏరుకొచ్చి ఇచ్చేవాణ్ణి. పని అయ్యాక కడిగి నా డబ్బాలోనే పడేసేది. అమ్మకు తీరిక లేనప్పుడు వేరేవాళ్ళు రుద్దినవీ ఒకటి రెండు అందులో పడేవి.

ఇది నాకు తెలియనిది కాదు. అరవై ఏళ్ళుగా తెలుసు. కాని ఆ చదును రంపం కోతే కావాలని ఎంత గట్టిగా అనుకున్నానంటే, అమ్మ చెయ్యి దాని వెనక కనబడకుండా పోయింది.

కారం దోశ ముందు కూర్చున్నాను. కడప దోశ మీద ఎర్రకారం దట్టంగా పూస్తారు, పైన పప్పులపొడి చల్లుతారు. ఒక ముక్క తుంచి చాలాసేపు చేత్తోనే పట్టుకున్నాను.

"కారం ఎక్కువైనాదా నాయనా?" అంది దోశలు పోసే ఆమె.

"కారం గాదమ్మా."

"ఇంగేం? రెండు నీళ్ళు తాగి తిను. కడపకొచ్చి దోశ ఇడిసిపెట్టి పోతావా?"

నోరు మూసుకుంటే చాలు. సాయంత్రానికి కాగితం చేతికొస్తుంది, సోమవారం యంత్రం ఆగుతుంది. మా పాటి బతుకుతుంది. ఎవరికి నష్టం? అమ్మ ఉంటే ఏమనేదో కూడా ఆలోచించాను. బహుశా నవ్వేది, నన్ను రాకాసోళ్ళలో కలిపినారా అని.

కాని కర్నూలులో ఆ చీటీ రాసినవాడు తెలియక రాశాడు. అతని మీద ఇన్నేళ్ళు మండిపడ్డాను. నేను తెలిసి తెలిసి ఒక తప్పు చీటీ రాయించబోతున్నాను. రేపు ఎవరో ఐదో తరగతి చదివినవాడు అద్దాల పెట్టె ముందు నిలబడి, "రాసినోడు తప్పు రాసినాడు" అంటాడు. ఆ రాసినోడు నేనవుతాను.

దోశ మొత్తం తిన్నాను. కళ్ళ నీళ్ళు కారంతో వచ్చినవే.

కడప: రెండో పూట

సునంద కాగితం సగం టైపు చేసి ఉంది.

"ఆ పుర్రచేతి మనిషి పేరు నాకు తెలుసు పాపా" అన్నాను.

"ఏం పేరు?" అంది నవ్వుతూ, నేనేదో హాస్యమాడుతున్నాననుకుని.

"తిమ్మక్క. మా అమ్మ."

మొత్తం చెప్పాను. చనుబాలు, సానరాయి, చాపిన కాళ్ళు. ఆమె నవ్వు మెల్లగా ఆరిపోయింది. ఒక ముక్కను మళ్ళీ అద్దం కింద పెట్టింది. చాలాసేపు చూసింది.

"భూమిలో ఉన్నన్నాళ్ళూ పట్టిన మట్టి పొర ముక్కంతా ఉండాది. అరిగిన చోట లేదు. అంటే బయటికి తీసినాకనే అరిగినాది. నేను పొద్దున్నే చూడాల్సింది." టైపు చేసిందంతా తుడిచేసింది. "మీరు చెప్పకపోయుంటే నేను రాసేసుండేదాన్ని, తాతా."

పొద్దుటి నుంచి నేను ఆమెకు పెద్దాయనను. అప్పుడు తాతనయ్యాను.

"సోమవారం దున్నేస్తారు" అన్నాను.

"ఈ తొమ్మిదీ పక్కన పెడదాం. మిగిలిన ఇరవై రెండూ యాడెక్కడ దొరికినాయో ఏమన్నా గ్యాపకం ఉండాదా?"

గ్యాపకమా! నాకు మిగిలిందల్లా అదే. కాగితం అడిగి పాటి బొమ్మ గీశాను. ఇది బండి ఇరుసు విరిగిన చోట దొరికింది, నాకు పన్నెండేళ్ళు. ఇవి రెండూ నైరుతి మూల, నాన్న తేలు కుట్టి కూర్చుండిపోయిన రోజు. ఇది కరువు యేడు, ఇదీ నైరుతే. నేను చెబుతుంటే ఆమె చుక్కలు పెట్టింది. ఇరవై రెండు చుక్కల్లో పద్నాలుగు నైరుతి మూలలోనే గుంపుగా పడ్డాయి.

సునంద చుక్కల్ని కాసేపు చూసి, పక్కన ఒక బొమ్మ వేసింది. వేలెడు పొడుగు, తాడు పేనినట్టు మెలిక. "శంఖాన్ని గాజులుగా కోసేస్తే నడుమ ఇట్లాంటి కాడ మిగుల్తాది. అది దేనికీ పనికిరాదు, చేసినచోటే పారేస్తారు. ఇట్లాంటిది ఎప్పుడైనా చూసినారా?"

"అయ్యో, ఇవా? ఆ మూలలో బండిచక్రాల కింద పటపటమనేవి. అందంగా లేవని ఇసిరేసేవాణ్ణి."

"యాడికి ఇసిరేసినారు?"

"ఆణ్ణే."

"ఆణ్ణేనా?" అంటూ కుర్చీలోంచి లేచింది. "ఆణ్ణేనా తాతా?"

బ్రహ్మయ్య కాలితో తోసిన పెచ్చులు అప్పుడు వచ్చి నా తలలో పడ్డాయి. అరవై ఏళ్ళు పనికిరానివి ఏరి డబ్బాలో దాచాను, పనికొచ్చేవి విసిరేశాను. నా పుణ్యం కొద్దీ విసిరింది పాటిలోకే.

"పోయి చూడండి. ఒక్కటి కనపడినా చాలు. కాని తియ్యొద్దు. ముట్టుకోవద్దు. మన్నులో ఎట్లుండేది అట్లే ఉండాల. నాకు ఫోన్ చెయ్యండి, నేనొచ్చి తీస్తాను."

అమ్మ అరగదీసిన తొమ్మిదింటిని వేరే చిన్న సంచిలో వేసి చీటీ రాసింది. నా ముందే రాసింది కాబట్టి అక్షరం పొల్లుపోకుండా చెబుతున్నాను: "శంఖు గాజు ముక్కలు, తొమ్మిది. ఒక అంచు అరగదీసి ఉంది. ఏడు తిమ్మక్క ఎడమచేత్తో రుద్దినవి, రెండు ఇతరులు రుద్దినవి. పసిబిడ్డల కోసం." తప్పులేని చీటీ ఒకటి నా కళ్ళతో చూశాను.

మళ్ళీ కర్నూలు

శనివారం పొద్దుటి బస్సు. చాగలమర్రి దగ్గర వాన పట్టుకుంది. కిటికీ రేకు దిగలేదు, ఎడమభుజం నంద్యాల దాకా తడుస్తూనే ఉంది. కర్నూలులో గంట వ్యవధి దొరికితే ఆ గదికి పోయాను. చీటీ మారలేదు. పుస్తకంలో నా రాత కింద మళ్ళీ అదే రాసి, ఈసారి "కడపలో భూతద్దం కింద చూసి తేల్చారు" అని కలిపాను.

"మల్లా వచ్చినావా ఐదో తరగతీ? నిమ్మకాయ తెచ్చినావా?" అన్నాడు కావలి మనిషి.

"లేదప్పా. అది మానేసినా. నువ్వు చెప్పిందే నయం."

అతనికి ఏమీ అర్థం కాలేదు. కాని కుర్చీ మాత్రం నాకు జరిపి, కూర్చోమన్నాడు.

పాటి

మధ్యాహ్నం మూడింటికి ఊళ్ళో దిగి, ఇంటికి పోకుండా పాటికే పోయాను. దారి పక్కన పసుప్పచ్చ యంత్రం వచ్చి నిలబడి ఉంది. వానకు మన్ను కడుక్కుపోయి పెంకులన్నీ తేలి ఉన్నాయి. నైరుతి మూలలో అడుగులో అడుగు వేసుకుంటూ వెతికాను. మోకాళ్ళు పట్టుకుపోయినా వంగే వెతికాను. పొద్దు వాలుతుండగా కనబడింది. సగం మన్నులో, సగం బయట, తెల్లటి మెలిక. నా కుడిచెయ్యి దానంతటదే పోయింది. అరవై ఏళ్ళ అలవాటు మరి. ఎడమచేత్తో దాని మణికట్టు పట్టుకుని ఆపాను.

సునందకు ఫోన్ చేస్తే, "రేపు మొదటి బస్సుకు బయల్దేరుతా. తియ్యలేదు గదా?" అంది. తియ్యలేదన్నాను. చీకటి పడేలోపు దాని మీద గంప బోర్లించి రాయి ఎత్తిపెట్టి ఇంటికి పోయాను.

ఆదివారం తెల్లారేసరికి గొడుగు, చెంబుతో అక్కడ ఉన్నాను. గంప తీసి పక్కనే బండ మీద కూర్చున్నాను. ఎనుములు తోలుకుపోతూ ఓబన్న ఆగాడు. పంచాయతీలో కల్లం కావాలని చెయ్యెత్తినవాళ్ళలో అతనొకడు.

"ఏమప్పా, గుడ్లు పొదుగుతాండావా?"

"ఊఁ. నీ ఎనుములను అట్ల పక్కనించి తోలు, తొక్కుతాయి."

"ఎన్ని గుడ్లు?"

"ఒకటి."

"ఒక్క గుడ్డుకా ఇంత కావలి! రేపు యంత్రమొస్తే ఏం జేస్తావు?"

"నేనీణ్ణే కూచోనుంటా."

ఓబన్న నవ్వాడు గాని, ఎనుములను చుట్టు తిప్పి తోలుకుపోయాడు.

సునంద పన్నెండు దాటాక వచ్చింది. ముందు ఫొటోలు తీసింది, తాడు పట్టి కొలిచింది, కుంచెతో మన్ను ఊడ్చింది. ఆ కాడ కిందనే ఇంకో రెండు కనిపించాయి, పక్కన కోసి వదిలేసిన శంఖు కొన. భూతద్దం నా చేతికిచ్చింది. గీతలు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. గోరుతో గీసి చూడాలనిపించింది, ఊరుకున్నాను. ఆమె అక్కడే బండ మీద కూర్చుని కాగితం రాసింది. మేమిద్దరం పోయి సర్పంచి చేతికిచ్చాం. అతను రెండుసార్లు చదివి, పైవాళ్ళు వచ్చి చూసేదాకా పని ఆపుతామని మూడు ముక్కలు రాసి ముద్ర వేశాడు. సోమవారం యంత్రం వెనక్కి తిరిగి పోయింది. మళ్ళీ వస్తుందేమో. వస్తే నేనూ వస్తాను.

ఆ ఆదివారం సర్పంచి ఇంటి నుంచి తిరిగి పాటికి వచ్చేసరికి ఎండ మెత్తబడింది. ఓబన్నతో పాటు ఊరు సగం పోగై చుట్టూ నిలబడి ఉంది. మొదట కనబడిన కాడ ఇంకా మన్నులోనే ఉంది. సునంద కుంచె పక్కన పెట్టి, "ఇప్పుడు తీయొచ్చు. మీరే తీయండి తాతా" అంది.

నేను ఎడమచెయ్యి చాచాను.

"ఏమప్పా, మంచి పని పుర్రచేత్తో చేస్తాండావు?" అన్నాడు ఓబన్న.

"మా ఇంట్లో ఈ పనికి ఇదే చెయ్యి" అన్నాను.